గడప కన్నా గల్లీ కిందుండాలి: ఒక మట్టి గల్లీ కేస్ స్టడీ

హైదరాబాద్‌లో ఎల్బీనగర్ వైపు ఒక బస్తీలో, నాలాకు (వాన నీళ్ళు పోయే పెద్ద కాలువకు) దగ్గరగా ఉన్న మట్టి గల్లీని బాగుచేసిన పని వివరాలివి. బస్తీవాళ్ళు వద్దన్నారు కాబట్టి పేరు రాయడం లేదు. గల్లీ పొడవు సుమారు 140 మీటర్లు. వెడల్పు ఒకచోట 12 అడుగులు, మరోచోట 9 అడుగులు కూడా లేదు. రెండు వైపులా కలిపి ముప్ఫైకి పైగా ఇళ్ళు. అద్దెకున్న కుటుంబాలను లెక్కేస్తే అంతకు రెట్టింపు పొయ్యిలు. పై చివర ఒక చిన్న రోడ్డు, కింది చివర బస్సులు తిరిగే మెయిన్ రోడ్డు. ఈ రెండిటి మధ్య మట్టి, ఒక పక్కన మూత లేని మోరీ (మురుగు కాలువ), ఒక వేపచెట్టు, దారిలోకి జరిగి నిలబడ్డ రెండు కరెంటు స్తంభాలు.

బస్తీ కమిటీ అడిగింది ఒక్కటే, సీసీ రోడ్డు. వానాకాలంలో బురదలో బండ్లు జారుతున్నాయి, ఎండాకాలంలో దుమ్ము ఇంట్లోకి వస్తోంది, ఆటోవాళ్ళు లోపలికి రామంటున్నారు. అడగడంలో తప్పేమీ లేదు. అయితే గల్లీ నడుమ 30 మీటర్ల మేర ఒక గుంట ఉంది. వాన పడితే నీళ్ళు అక్కడే నిలుస్తాయి, మోరీ పొంగితే మురుగు కూడా అక్కడికే చేరుతుంది. ఆ గుంటను అలాగే ఉంచి పైన కాంక్రీటు పోస్తే బురద పోతుంది, నీళ్ళు మాత్రం ఇళ్ళలోకి వస్తాయి. ఈ ఒక్క విషయం బస్తీని ఒప్పించడానికి పట్టిన సమయం, రోడ్డు వేయడానికి పట్టిన సమయం కంటే ఎక్కువ.

నా పని ప్లానింగ్. డ్రాయింగులు, డిజైన్ లెక్కలు ఇంజినీర్లు చూసుకుంటారు. దారి ఎవరిది, నిజంగా ఎంత వెడల్పు, నీళ్ళు ఎటు పోవాలి, ఏ శాఖ పని ముందు, ఏది తర్వాత అన్నవి నేను చూస్తాను. కింద రాసినదాంట్లో లెవెల్ ముచ్చటే ఎక్కువగా కనిపిస్తుంది. డబ్బు, గొడవ, ఫలితం మూడూ అక్కడే తేలాయి మరి.

పక్క గల్లీ చెప్పింది

పక్కనే ఇంకో గల్లీ ఉంది. దానికి ఇప్పటికే మూడుసార్లు సీసీ పడింది. పాతదాన్ని తవ్వి తీయకుండా దాని మీదే కొత్తది వేసుకుంటూ పోయారు. పాత ఇళ్ళలోకి వెళ్ళాలంటే ఇప్పుడు రెండు మెట్లు దిగాలి. గడప ముందర సిమెంటుతో అడుగు ఎత్తు కట్ట కట్టుకున్నారు. దాన్ని దాటి వంటపాత్రలు కడిగిన నీళ్ళు బయటికి పోవాలంటే బకెట్‌తో ఎత్తి పోయాల్సిందే. కమిటీవాళ్ళను అక్కడికి తీసుకెళ్ళాం. ఆ గల్లీలో ఒక పెద్దాయన ఒకే ముక్కలో చెప్పాడు: "రోడ్డు మంచిగనే ఉంది సార్, ఇల్లే కిందికి పోయింది."

ఇలా ఎందుకవుతుందో పనుల్లో ఉన్నవాళ్ళకి తెలుసు. ఎస్టిమేట్‌లో రోడ్డు అంటే పొడవు, వెడల్పు, మందం. పాత పొరను పగలగొట్టి ఎత్తిపోయడం వేరే ఐటెం, దానికి వేరే ఖర్చు. కిందికి తవ్వితే ఇళ్ళ నీళ్ళ పైపులు, మోరీ పైపులు పగులుతాయి, అప్పుడు కాంట్రాక్టర్‌కి, గల్లీవాళ్ళకి పెద్ద పంచాయితీ. పైన పోసేస్తే ఒకే రోజులో పని కనబడుతుంది, కొలతలు తీయడం తేలిక. పైగా రోడ్డు ఎత్తుగా ఉంటేనే మంచిదని జనం నమ్మకం. కొత్తగా ఇల్లు కట్టేవాడు రోడ్డు కంటే మూడడుగులు ఎత్తులో పునాది వేస్తాడు. తర్వాతి రోడ్డు అతని ఎత్తును చూసి లేస్తుంది. పాత ఇల్లు నడుమ ఇరుక్కుపోతుంది.

దీనికి పూర్తిగా తిరగేసిన ఉదాహరణ ఇండోర్‌లో ఉంది. అక్కడ మురికివాడల నెట్‌వర్కింగ్ పేరుతో చేసిన పనిలో గల్లీ రోడ్లను ఇళ్ళ పునాదుల కంటే కిందికి దించి, వాన నీళ్ళు రోడ్డు మీదుగానే వాగులోకి పోయేలా నేల వాలును వాడుకున్నారు. ఆ పనికి 1998లో ఆగాఖాన్ ఆర్కిటెక్చర్ అవార్డు వచ్చింది. ఆ తర్వాత నిర్వహణ సరిగా లేక అక్కడ కష్టాలు వచ్చాయన్న విమర్శ కూడా ఉంది. నిర్వహణ ముచ్చట మాకూ తప్పలేదు, చివర్లో చెప్తాను. రోడ్డును దించాలన్న సూత్రాన్ని మాత్రం మేం యథాతథంగా తీసుకున్నాం.

దారి ఎవరిది, ఎంత

నగర మాస్టర్ ప్లాన్ మ్యాపులో మెయిన్ రోడ్డు ఉంటుంది, నాలా ఉంటుంది. 10 అడుగుల గల్లీ ఆ స్కేలులో కనబడదు. ఈ బస్తీకి మంజూరైన లేఅవుట్ లేదు. ఒకప్పటి పట్టా భూమిని గజాల లెక్కన ముక్కలు చేసి అమ్మారు. కొందరి దగ్గర రిజిస్టర్డ్ దస్తావేజులు, కొందరి దగ్గర నోటరీ కాగితాలు. దారిని మున్సిపాలిటీకి ఎవరూ రాసివ్వలేదు. అందువల్ల పని మంజూరు చేసేముందు ఇది పబ్లిక్ దారి అవునా కాదా అన్న ప్రశ్న వచ్చింది. రావడం సబబే.

జవాబు మ్యాపుల్లో లేదు, ఇళ్ళలోని ట్రంకుపెట్టెల్లో ఉంది. ప్రతి దస్తావేజులోనూ నాలుగు హద్దులు రాస్తారు. "తూర్పు: 12 అడుగుల దారి" అని ఒకరి కాగితంలో, "పడమర: గల్లీ 12 అడుగులు" అని ఎదురింటివాళ్ళ కాగితంలో. చూపించడానికి ఒప్పుకున్నవాళ్ళ జిరాక్సులన్నీ తీసుకుని వరుసగా పేర్చితే, అమ్మినప్పుడు గల్లీ ఎలా ఉండేదో గీత గీసినట్టు వచ్చింది. కొలిస్తే నేల మీద కొన్నిచోట్ల మూడడుగులు తక్కువ. ఎవరు జరిగారో పేరు పెట్టి చెప్పలేదు. ఒక పెద్ద షీటు మీద దస్తావేజు ప్రకారం వెడల్పును నీలంతో, ఇప్పటి వెడల్పును ఎర్రతో గీసి గుడి దగ్గర గోడకు అంటించాం. ఎవరి ఇంటి ముందు ఎర్రగీత లోపలికి వచ్చిందో ఎవరికి వాళ్ళే చూసుకున్నారు.

గోడలు కూల్చమని అడగలేదు. అలా అడిగుంటే పని అక్కడే ఆగేది. దారిలోకి వచ్చిన మెట్లు, ర్యాంపులు, గద్దెలు మాత్రం తీయాలన్నాం. కొత్త మెట్టు గోడ నుంచి ఒక అడుగు మించి బయటికి రాకూడదు. పునాది బాగా ఎత్తుగా ఉన్నవాళ్ళు మిగతా మెట్లు గేటు లోపల కట్టుకోవాలి. దీనికి గట్టిగా ఎదురు తిరిగింది కొత్తగా మూడంతస్తులు కట్టినవాళ్ళే. బండి లోపలికి ఎక్కించుకోవడానికి వాళ్ళ ర్యాంపు గల్లీలో మూడో వంతు తినేసింది. మేం వాదించలేదు. 108 అంబులెన్స్ మెయిన్ రోడ్డు మీదే ఆగిపోతే స్ట్రెచర్ ఎలా వస్తుందో, ఆ ర్యాంపు దగ్గర ఎలా తిరుగుతుందో ఒక పాత మంచాన్ని మోసి బస్తీ పిల్లలే చూపించారు. మంచం తిరగలేదు. ర్యాంపు తగ్గింది. మొత్తం పోలేదు, తగ్గింది.

ఎర్రగీత

సర్వేని, ఎత్తుపల్లాలు కొలిచే ఆటో లెవెల్ పరికరంతో చేశాం. మామూలుగా రోడ్డు పనికి రోడ్డు మధ్యలో లెవెల్ తీస్తారు. మేం ప్రతి గడప లెవెల్ కూడా తీశాం. ఖర్చు పెద్దగా పెరగదు, ఒక పూట ఎక్కువ పడుతుంది. మొత్తం పనిలో ఇంత లాభమిచ్చిన పూట ఇంకోటి లేదు.

మెయిన్ రోడ్డు లెవెల్‌ని సున్నా అనుకుంటే, గల్లీ పై చివర దానికంటే 1.6 మీటర్లు ఎత్తు. అక్కడి నుంచి కిందికి వాలుతూ వచ్చి, గుంట దగ్గర మెయిన్ రోడ్డు కంటే 30 సెంటీమీటర్లు కిందికి దిగి, మళ్ళీ పైకి లేచి మెయిన్ రోడ్డును తాకుతుంది. గల్లీ దిగలేదు, మెయిన్ రోడ్డే తారు మీద తారు వేసుకుంటూ లేచింది. గుంటలో అన్నిటికంటే పల్లపు ఇంటి గడప మైనస్ 20 సెంటీమీటర్ల దగ్గర ఉంది. ఉన్న మట్టి మీద 10 సెంటీమీటర్ల బెడ్, 15 సెంటీమీటర్ల సీసీ వేస్తే రోడ్డు మైనస్ 5కి వస్తుంది. అంటే గడప కంటే అరడుగు ఎత్తు. కమిటీ అడిగిన రోడ్డు వేసుంటే ఆ ఇంటికి జరిగేది ఇదే.

మేం తిరగేసి లెక్క మొదలుపెట్టాం. అన్నిటికంటే పల్లపు గడప కంటే అరడుగు కింద, అంటే మైనస్ 35 దగ్గర రోడ్డు పైముఖం ఉండాలి. ఇప్పుడున్న మట్టి కంటే కూడా అది 5 సెంటీమీటర్లు కింద. దాని కింద బేస్, ఇసుక, పైన పరుపు అన్నీ పట్టాలంటే అడుగుకు పైగా తవ్వాలి. రోడ్డు ఎక్కడ ఎంత కిందికి పోతుందో తెలిసేలా గల్లీ పొడవునా గోడల మీద ఎర్ర పెయింటుతో గీత గీశాం. కాగితం మీద సెక్షన్ డ్రాయింగు చూపిస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు, గోడ మీద గీత అందరికీ అర్థమవుతుంది. గీత వేసిన రోజే గొడవ మొదలైంది. పై భాగంవాళ్ళు, "మా ఇంటి ముందర ఇంత తవ్వితే పునాది బయటపడ్తది కదన్నా" అన్నారు. వాళ్ళ భయం నిజమే. కొన్ని పాత ఇళ్ళకి పునాది అంటే రెండడుగుల రాతికట్టు మాత్రమే. అక్కడ గోడ పక్కన అడుగున్నర మేర తవ్వకుండా వదిలేసి, ఆ అంచును కాంక్రీటుతో కట్టి, నడుమ భాగాన్నే దించాం. అందంగా లేదు గానీ గోడలు నిలబడ్డాయి.

వాలు విషయంలో ఇంకో మార్పు కూడా చేశాం. మామూలు రోడ్డుకి నడుమ ఎత్తు, పక్కలకు వాలు. పక్కన కాలువ ఉన్నచోట అది సరే. 10 అడుగుల గల్లీలో పక్కన ఉండేది ఇంటి గోడే. అలా వాలు పెడితే నీళ్ళు గోడల మొదట్లోకి పోతాయి, ఇటుకలు పీల్చుకుని లోపల గది తడిసి ఉప్పు పట్టి పెచ్చులూడుతుంది. అందుకే రెండు వైపుల నుంచీ నడుమకు 2 శాతం వాలిచ్చి, మధ్యలో అడుగు వెడల్పున కాంక్రీటు పట్టీని కొద్దిగా లోతుగా పోశాం. వాన నీళ్ళు ఆ పట్టీ వెంబడే పోతాయి.

నాలుగడుగుల సందు

గల్లీ లెవెల్ మెయిన్ రోడ్డు కంటే కింద ఉన్నప్పుడు వాన నీళ్ళు అటు పోవు. మురుగు పైపు నేల కింద లోతుగా పోతుంది కాబట్టి దానికి ఆ ఇబ్బంది లేదు. వాన నీళ్ళను మురుగు లైన్లో కలిపేద్దామన్న సలహా వచ్చింది, చాలా గల్లీల్లో జరిగేది అదే. అలా కలిపితే గట్టి వానకి మ్యాన్‌హోళ్ళు పొంగి మళ్ళీ గుంట నిండుతుంది, ఈసారి మురుగుతో. కాబట్టి వాన నీళ్ళు విడిగా వెనకున్న నాలాకే పోవాలి. గుంట నుంచి నాలాకి ఉన్న ఒకే దారి రెండిళ్ళ మధ్య నాలుగడుగుల సందు. ఆ సందులో ఒక కుటుంబం బాత్రూం కట్టుకుంది.

కేసు మొత్తానికి ముడి ఇక్కడే పడింది. కాగితాల ప్రకారం సందు ఎవరి పట్టాలోనూ లేదు. నోటీసు ఇప్పించి తీయించొచ్చు అన్నవాళ్ళు ఉన్నారు. కానీ ఆ ఇంట్లో ఆరుగురున్నారు, వాళ్ళకి ఇంకో బాత్రూం లేదు. తీసెయ్యమంటే ఎవరైనా ఎక్కడికి పోతారు? మురుగు లైను వస్తోంది కాబట్టి ఇంటి ముందు భాగంలో కొత్త బాత్రూం కట్టుకునే వీలుంది. దాని ఖర్చును గుంట చుట్టూ ఉన్న ఇళ్ళవాళ్ళు పంచుకున్నారు, నీళ్ళు నిలిచేది వాళ్ళ గడపల ముందే కదా. మేస్త్రీని పనివాళ్ళలోంచే పెట్టాం. కొత్తది వాడకంలోకి వచ్చాకే పాతది కూల్చాలి, సందును ఇకపై ఎవరూ మూయకూడదు అని వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకుని అందరూ సంతకాలు పెట్టారు. కోర్టులో ఆ కాగితం ఏ మేరకు నిలుస్తుందో వేరే సంగతి. బస్తీలో మాత్రం నిలిచింది.

సందులో 300 మి.మీ. ఆర్‌సీసీ పైపు వేసి, గుంట దగ్గర జాలీ మూతతో మట్టి పట్టే ఛాంబర్ కట్టాం. నాలా పొంగినప్పుడు నీళ్ళు వెనక్కి తన్నకుండా చివర ఫ్లాప్ మూత బిగించాం. ఒక్క మాట ముందే అందరికీ చెప్పాం. 2020 అక్టోబర్ 13 రాత్రి లాంటి వాన వస్తే, శివార్లలో కొన్నిచోట్ల ఒక్క రోజులో 30 సెంటీమీటర్లు దాటిన వాన అది, ఈ పైపు గానీ ఈ గల్లీ గానీ ఆగవు. నాలా వెడల్పు చేయడం, పైనున్న చెరువులు గొలుసుకట్టుగా నిండి దిగడం, అలుగులు మూసుకుపోకుండా చూడటం వేరే స్థాయి పనులు. గల్లీ పనితో వరద ఆగుతుందని చెప్పే ప్లానర్‌ని నమ్మొద్దు. ఏటా పడే మామూలు గట్టి వానకి గడప తడవకుండా చూడటం వరకే మా హామీ.

నేల కింద

ఖర్చులో సగానికి పైగా కంటికి కనబడని పనికే పోయింది. శివారు సర్కిళ్ళలో డ్రైనేజీ బాధ్యత కొన్నేళ్ళ క్రితం జీహెచ్‌ఎంసీ (నగర మున్సిపల్ కార్పొరేషన్) నుంచి వాటర్ బోర్డుకు మారింది. అప్పట్లో రోడ్డు జీహెచ్‌ఎంసీది, మురుగు, మంచినీళ్ళు వాటర్ బోర్డువి, స్తంభాలు కరెంటు వాళ్ళవి. ముగ్గురి ఎస్టిమేట్లూ ఒకే వరుసలోకి తేవడమే నా అసలు పని. రోడ్డు ముందు మంజూరైతే, డబ్బు వెనక్కి పోతుందన్న టెన్షన్‌తో రోడ్డే ముందు పడుతుంది. మిగతావాళ్ళు తర్వాత దాన్ని తవ్వుతారు.

మురుగు లైనుకి 200 మి.మీ. పైపు, కనీస వాలు 170కి 1 చొప్పున లెక్కేశాం. మెయిన్ రోడ్డు మ్యాన్‌హోల్ అడుగు 1.8 మీటర్ల లోతులో ఉండటం మా అదృష్టం. గుంట దగ్గర కూడా పైపుకి నాలుగడుగుల లోతు దొరికింది. పై భాగంలో మాత్రం రెండడుగులకే షీట్ రాక్, అంటే పరుచుకున్న గట్టి బండ, తగిలింది. హైదరాబాద్‌లో ఎక్కడ తవ్వినా ఎప్పుడో ఒకప్పుడు గ్రానైట్ పలకరిస్తుంది. ఇళ్ళ మధ్య పేల్చడం కుదరదు, బ్రేకర్‌తో కొట్టించాల్సిందే. గట్టి రాయి తవ్వే ఐటెం ఎస్టిమేట్‌లో లేకపోతే అక్కడ పని ఆగి, సవరణ ఎస్టిమేట్ కోసం ఫైలు తిరుగుతుంది. ట్రయల్ గుంతలు ముందే తీశాం కాబట్టి ఆ బాధ తప్పింది. బండ మీద లోతు చాలనిచోట పైపు చుట్టూ కాంక్రీటు పోశాం.

మ్యాన్‌హోళ్ళ మధ్య దూరం 30 మీటర్లు దాటనివ్వలేదు. ఇరుకు గల్లీల్లోకి దూరి, నీళ్ళ ధారతో మురుగు లైన్లను శుభ్రం చేసే మినీ జెట్టింగ్ బండ్లు వాటర్ బోర్డు దగ్గర 2017 నుంచి ఉన్నాయి. అవి వచ్చి నిలబడే చోటు ఎక్కడన్నది ముందే చూసి మ్యాన్‌హోళ్ళ జాగాలు ఖాయం చేశాం. మనిషిని లోపలికి దించే అవసరం రాకూడదు. మ్యాన్‌హోళ్ళలో మనుషులతో ప్రమాదకరంగా పనిచేయించడాన్ని నిషేధించిన 2013 చట్టం ఉద్దేశం అదే, చట్టం అనకపోయినా అంతే.

మంచినీళ్ళ కథ ఇంకా భయపెట్టింది. ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కో జీఐ (జింకు పూత ఇనుప) పైపును మోరీలోంచే లాక్కున్నారు. తుప్పు పట్టి చిల్లులు పడ్డాయి. నీళ్ళు రోజు విడిచి రోజు వదులుతారు. వదిలినప్పుడు చిల్లుల్లోంచి నీళ్ళు బయటికి పోతాయి, ఆపగానే పైపులో ప్రెషర్ పడిపోయి మురుగు లోపలికి పీలుస్తుంది. ఎవరైనా మోటారు బిగించి లాగితే ఇంకా ఎక్కువ. 2009లో భోలక్‌పూర్‌లో మంచినీళ్ళలో మురుగు కలిసి ప్రాణాలు పోయాయి. గల్లీలోని పెద్దవాళ్ళకి ఆ ఊసు ఎత్తితే చాలు, పైపులు మార్చడానికి అభ్యంతరం రాలేదు. మురుగు లైనుకీ నీళ్ళ లైనుకీ మధ్య 3 మీటర్ల ఎడం ఉంటే మంచిదంటారు. గల్లీ వెడల్పే 3 మీటర్లయితే అదెలా కుదురుతుంది? నీళ్ళ పైపును ఎదురు గోడ వైపు, మురుగు పైపు కంటే అరమీటరుకు పైగా ఎత్తులో వేశాం. దొరికిన జాగాలో అంతకంటే మెరుగైన దారి లేదు.

ఇంటి నుంచి గల్లీ ఛాంబర్ దాకా వేసే పైపు ఖర్చు ఎవరిల్లు వాళ్ళదే. ఇది కొత్త ఆలోచన కాదు. కరాచీలోని ఒరంగీలో 1980లో అఖ్తర్ హమీద్ ఖాన్ మొదలుపెట్టిన పనిలో గల్లీనే యూనిట్‌గా తీసుకున్నారు. ఇల్లు, గల్లీ మురుగు లైను జనం చూసుకోవాలి, పెద్ద లైను సర్కారు చూసుకోవాలి అని పంచుకున్నారు. మన ఊళ్ళో కూడా 1967 నుంచే అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ పేరుతో బస్తీ సంఘాలతో కలిసి పనిచేసిన చరిత్ర ఉంది. గల్లీ లైను ఖర్చు కూడా జనం మీదే వేయడం నాకు ఇష్టం లేదు. పన్నులు వాళ్ళూ కడుతున్నారు. కానీ ఇంటి కనెక్షన్‌కి సొంత డబ్బు పెట్టినవాళ్ళు పైపు వాలు తప్పుగా పడుతుంటే ఊరుకోరు. పని నాణ్యత మీద మాకు దొరికిన అసలైన నిఘా అదే.

పైన ఏం వేశాం

సీసీనా, పేవర్లా (పరిచే కాంక్రీటు బిళ్ళలు) అన్నదానికి ఒకే జవాబు లేదు. పైపులు ఉన్నచోట రేపు తవ్వక తప్పదు. సీసీని కోస్తే ఆ మచ్చ ఎప్పటికీ పూడదు, పేవర్లను తీసి మళ్ళీ పేర్చొచ్చు. అదే సమయంలో నేల ఎప్పుడూ తడిగా ఉండేచోట పేవర్ల కింది ఇసుక జారిపోయి గుంటలు పడతాయి. కాబట్టి గుంట ఉన్న భాగంలో నల్లమట్టిని పూర్తిగా తీసి, మొరం నింపి దిమ్మిస కొట్టించి, పైన 150 మి.మీ. సీసీ వేశాం. మిగతాచోట పేవర్లు. మెయిన్ రోడ్డు వైపు నీళ్ళ ట్యాంకర్ వచ్చేంత దూరం 80 మి.మీ. మందం, ఎం-40 గ్రేడు (కాంక్రీటు బలం లెక్క). ఆ పైన బైకులు, ఆటోలు తప్ప రావు కాబట్టి 60 మి.మీ., ఎం-35. పేవర్లకున్న భారత ప్రమాణం ఐఎస్ 15658 చెప్పే లెక్క కూడా దాదాపు ఇదే. ఊళ్ళో చాలాచోట్ల పేవర్లు ఊగిపోవడానికి కారణం బిళ్ళలు కాదు, అంచు. పక్కన బిగుతుగా ఆపేది లేకపోతే ఎంత మంచి బిళ్ళయినా జరుగుతుంది. మధ్యలో పోసిన కాంక్రీటు పట్టీ ఒక అంచయింది. రెండో అంచు ఆడవాళ్ళు ఇచ్చారు.

పేవర్ల శాంపిల్ ముక్క ఒకటి పరిచి చూపించినప్పుడు ఒకామె అడిగింది: "దీని మీద ముగ్గెట్ల వెయ్యాలె సార్?" బిళ్ళల మధ్య సందుల్లో పిండి దిగిపోతుంది, గీత నిలవదు. ఇంకొకరు బట్టలుతికే బండ ఏదన్నారు. ఇలాంటివి మా డ్రాయింగుల్లో ఉండవు. ప్రతి గడప ముందు అడుగున్నర వెడల్పున షాబాద్ బండ వేయాలని తేలింది. గోడ వెంబడి బండలు వరుసగా పరిచి కింద సిమెంటు బెడ్ వేస్తే అదే పేవర్లకు గట్టి అంచు. కాంక్రీటు కర్బ్ కంటే ఖర్చు కొంచెం ఎక్కువైంది. అయినా ఆ వరుస వాకిలిగా మారింది కాబట్టి దాన్ని శుభ్రంగా ఉంచుకోమని ఎవరికీ చెప్పాల్సిన పని రాలేదు.

నీళ్ళు ఇంకే పేవర్లు వేయమని ఒక సలహాదారు పట్టుబట్టాడు. షికాగోలో 2006 నుంచి గ్రీన్ ఆలీ పేరుతో అలా చేస్తున్నారు, మంచి పనే. కానీ అక్కడి ఆలీ ఇళ్ళ వెనక ఉంటుంది. చెత్తబండి, గ్యారేజీ, అంతే. సికింద్రాబాద్ పాత ఇళ్ళ వెనక సఫాయి కోసం వదిలిన సందులతో దాన్ని పోల్చొచ్చు. మన గల్లీ ఇంటి ముందు ఉంటుంది. అక్కడే గిన్నెలు కడుగుతారు, పిల్లలు ఆడతారు, పెళ్ళికి టెంటు వేస్తారు. సబ్బు నీళ్ళు, మురుగు ఇంకా రోడ్డు మీదికి వస్తున్నంత కాలం వాటిని నేలలోకి ఇంకించడం పక్కింటి బోరును పాడుచేయడమే. మురుగు పూర్తిగా పైపులోకి వెళ్ళాక, పై భాగంలో వేపచెట్టు చుట్టూ మాత్రం కొంత జాగా నీళ్ళింకేలా వదిలాం. ఆ చెట్టు కోసం మురుగు లైను కొద్దిగా వంగింది, మలుపు దగ్గర ఒక మ్యాన్‌హోల్ ఎక్కువ పడింది. చెట్టు కింద మధ్యాహ్నం కూర్చునేవాళ్ళని చూసినవాళ్ళెవరూ ఆ ఖర్చును ప్రశ్నించరు.

పని రోజులు

ఇరుకు గల్లీలో సగం మూసి సగం తెరిచి పనిచేయడం కుదరదు. పది పన్నెండు ఇళ్ళకు ఒక భాగం చొప్పున విడగొట్టి, కాలువ తవ్వినచోట ప్రతి ఇంటికీ చెక్క పలకలు వేశాం. బండ్లన్నీ మెయిన్ రోడ్డు పక్కన ఒక ఖాళీ జాగాలో పెట్టించి, రాత్రి కాపలా మనిషిని పెట్టాం. కాపలా లేకపోతే మొదటి పెట్రోలు దొంగతనంతోనే సహకారం ఆగిపోతుంది. ఏ భాగం ఎప్పుడు తవ్వాలన్నది ఇంజినీరు కాదు, పంచాంగం తేల్చింది. మాఘ, ఫాల్గుణాల్లో ముహూర్తాలున్న ఇళ్ళ ముందు తవ్వకం వెనక్కి జరిగింది. ఎండాకాలంలో సీసీ క్యూరింగ్‌కి (గట్టిపడేదాకా తడపడానికి) నీళ్ళు దొరకవు, దొరికిన ట్యాంకర్‌ని జనం తాగడానికి అడుగుతారు. తడిపిన గోనె సంచులు కప్పి ఆ నీళ్ళనే పొదుపుగా వాడాం. వానలు మొదలై బోనాలు వచ్చేలోపు గుంట భాగం ముగించాలన్నది ఒక్కటే మార్చకూడని గడువు. గుడికి వెళ్ళే ఊరేగింపు ఈ గల్లీలోంచే పోతుంది.

స్తంభాలు జరపడం ఆలస్యమైంది. ఒకటి జరిగింది, ఒకటి అక్కడే ఉంది. దాని చుట్టూ పేవర్లు వేసి వదిలేశాం.

రెండు వానాకాలాల తర్వాత

గుంటలో నీళ్ళు నిలవడం లేదు. గట్టి వాన కొట్టినప్పుడు నడుమ పట్టీ నిండి పారుతుంది, అరగంటలో ఖాళీ అవుతుంది. చెత్త తీసుకెళ్ళే స్వచ్ఛ ఆటో ఇప్పుడు లోపలికి వస్తోంది, అందుకని చెత్త బయట వేయడం బాగా తగ్గింది. మోరీని పూడ్చేశాం కూడా. దోమలు పోలేదు, నాలా పక్కనే ఉంది కదా.

బాగా లేనివీ ఉన్నాయి. ఇంటి కనెక్షన్ల కోసం తవ్విన గుంతలను సరిగా దిమ్మిస చేయనిచోట పేవర్లు అంగుళం దిగాయి. వాటిని తీసి సరిచేయడం ఒక పూట పని. మట్టి పట్టే ఛాంబర్‌ని వానకు ముందు, మధ్యలో ఒకసారి ఖాళీ చేయాలి. అది ఎవరి పని అన్నది ఏ శాఖ కాగితంలోనూ లేదు. ఇప్పటికి గుంట చుట్టూ ఉన్న ఇళ్ళవాళ్ళు చందా వేసుకుని తీయిస్తున్నారు. ఒక కేబుల్ సంస్థ పనివాళ్ళు రాత్రిపూట వచ్చి పేవర్లు ఎత్తి, ఇసుక లేకుండానే తిరిగి పెట్టి వెళ్ళిపోయారు. కమిటీవాళ్ళు మర్నాడే పట్టుకుని మళ్ళీ వేయించారు. దారి ఇరుకైనా పట్టించుకునే కళ్ళు ఎక్కువ.

అద్దెలు పెరిగాయి. ఇది అందరికీ శుభవార్త కాదు. ఇంటి యజమానులు రోడ్డును చూసి అద్దె పెంచితే, గుంట దగ్గర ఒంటిగదుల్లో ఉన్న రెండు మూడు కుటుంబాలు నాలా అవతలికి మారాయి. అక్కడి గల్లీ ఇంకా మట్టిదే. అద్దె పెంపును ఆపే సాధనం మా చేతిలో లేదు. కానీ ఒక్క గల్లీని విడిగా బాగుచేయడం కంటే పక్కపక్క గల్లీలన్నిటినీ ఒకే విడతలో తీసుకుంటే ఈ ఒత్తిడి కొంత పలచబడుతుందన్నది నా అభిప్రాయం. మురుగు, వాన నీళ్ళ లెక్కలకు కూడా అదే మేలు.

ఇప్పుడు మెయిన్ రోడ్డుకి మళ్ళీ తారు వేసే ప్రతిపాదన ఉందని తెలిసింది. పాత తారును మిల్లింగ్ చేసి (యంత్రంతో చెక్కి) తీయకుండా పైన వేస్తే రోడ్డు ఇంకో రెండంగుళాలు లేస్తుంది, గల్లీ మొదట్లో ఇచ్చిన వాలు తలకిందులై రోడ్డు నీళ్ళు లోపలికి వస్తాయి. గల్లీ మూలమీద ఇంటి గోడకు మెయిన్ రోడ్డు ఇప్పటి లెవెల్‌ని ఎర్రగీతగా గీయించి, ఫొటోతో పాటు మిల్లింగ్ తప్పనిసరి చేయాలని కమిటీ పేరుతో వినతిపత్రం ఇచ్చారు. సర్వే లెవెళ్ళ షీటు దానికి జతచేశాం. రసీదు కమిటీ కార్యదర్శి దగ్గర ఉంది, ఎస్టిమేట్ ఇంకా సర్కిల్ ఆఫీసు దాటలేదు.